వెనక్కి పెట్టిన గిన్నె

ఆ ఏడు చెరుకు సీజన్ నడిచిన నాలుగున్నర నెలలూ మా ఇంటి గడప ముందు రోజూ సాయంత్రం ఒక తనిఖీ జరిగేది. మా ఆయన లారీ దిగి, కాళ్ళు కడుక్కుని, గడప అవతల నిటారుగా నిలబడేవాడు. నేను దగ్గరికి వెళ్ళి "ఊఁ, నోరు తెరువు" అనేదాన్ని. తెరిచేవాడు. వాసన చూసేదాన్ని. బీడీ వచ్చినా, డీజిల్ వచ్చినా, ఉల్లిగడ్డ వచ్చినా ఫరవాలేదు, ఆ ఒక్కటి రాకూడదు. రాకపోతే "పాస్" అనేదాన్ని, అప్పుడు లోపలికి వచ్చేవాడు. పదహారేళ్ళు పట్టాళంలో చేసి, హవల్దారై, రెండు యుద్ధాలు చూసి వచ్చిన మనిషి పెళ్ళాం ముందు అలా నోరు తెరుచుకుని నిలబడుతుంటే పక్కింటి సాయవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని. వాళ్ళ ఇంటాయన్ని ఎప్పుడూ నలుగురు మోసుకొచ్చి అరుగు మీద పడేసి పోలేదు కదా.

మా ఆయన పేరు జీవరాజు. ఇప్పుడు ముసలిదాన్నయ్యాను కాబట్టి ధైర్యంగా అంటున్నాను గానీ, ఆ రోజుల్లో మొగుడి పేరు నా నోట వచ్చేది కాదు. పట్టాళంలో లారీ తోలేవాడు. చైనా సరిహద్దున నేఫా కొండల్లో కొన్నాళ్ళు, తర్వాత పంజాబు సరిహద్దులో. అరవై ఆరు ఎండాకాలంలో పెన్షన్ పుచ్చుకుని ఇంటికి వచ్చినప్పుడు ఆయన ఇనుప పెట్టెలో మూడు రమ్ము సీసాలు ఉన్నాయి. వారంలో అవి ఖాళీ. తర్వాత కల్లు. కల్లు ఆనకపోతే సారా.

"నాకు అలవాటు జేసింది సర్కారే" అనేవాడు. "పొద్దుగూకంగనే లైనుల నిలవెట్టి కొలిచి పోసేటోళ్ళు. సలికి మందని డాక్టరే జెప్పేటోడు."

"ఈడ సలి ఏడున్నదయ్యా, బోధన్ ఎండల?" అనేదాన్ని నేను. 

ఆయనకు నిద్ర ఉండేది కాదు. కన్ను మూస్తే లారీ తోలుతున్నట్టే ఉంటుందట. ఆ లారీ వెనక ఏం వేసుకుని తోలేవాడో అడిగితే లేచి బయటికి పోయేవాడు. బయటికి పోతే ఎక్కడికి పోతాడో చెప్పక్కర్లేదు.

దసరా ముందర ఒక పొద్దున తాగి నిజాంసాగర్ కాలువలో పడ్డాడు. నడుంలోతు నీళ్ళు కాబట్టి బతికాడు. ఆ మర్నాడే మా చర్చి సంఘ పెద్ద దేవయ్య మామ ఇంట్లో పంచాయితీ పెట్టించాను. నాకు సిగ్గు లేదనుకున్నారు కొందరు. సిగ్గు ఉండే దగ్గర ఉంది, కాలువలో మొగుడు పడ్డప్పుడు కాదు.

మా ఊళ్ళోనే రాజనర్సు అని చెరుకు తోలే కాంట్రాక్టరు, ఆయన్నీ ఆ పంచాయితీకి పిలిపించాను. రెండు లారీలు ఆయనవి. సీజన్ మొదలవబోతోంది, ఒక లారీకి డ్రైవరు లేడు.

"తోల్టం వస్తదని నాకెర్కే" అన్నాడు రాజనర్సు, మా ఆయన్ని చూడకుండా దేవయ్య మామను చూస్తూ. "గని తాగెటోని చేతికి స్టీరింగు ఎట్లిస్త? ఎవలన్న జమానతు ఉండాలె."

దేవయ్య మామ అప్పటికి డెబ్బై దాటిన మనిషి. కల్లు చెట్టు నీడ కూడా తొక్కడని పేరు. కాసేపు గడ్డం నిమురుకుని అన్నాడు. "నేనుంట. ఈడు ఒక్కసారి ముట్టిండని తెలిస్తే నేనే వచ్చి నీకు జెప్త. ఆ దినమే లారీ దించెయ్."

"నాది గూడ ఒక మాట" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. "సీజన్ అయ్యేదాక ఒక్క బొట్టు ముట్టినా నేను పెట్టె సర్దుకొని బాల్కొండకు మా తల్లిగారింటికి పోత. మళ్ళ పిలువొద్దు, నేను రాను." పిల్లాజెల్లా లేనిదాన్ని, నన్ను ఆపే బంధం ఇంకేముంది? మా ఆయన తల ఎత్తలేదు. "సరే" అన్నాడు. అంతే, ఆ ఒక్క మాటే.

మొదటి పదిహేను రోజులు చెప్పనలవి కాదు. చేతులు వణికేవి. గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు చొక్కా మీదే. స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం వణుకు ఆగేది, అదేం చిత్రమో. ఇంటికొచ్చాక చెమటలు, ఒళ్ళు నొప్పులు, అన్నం సహించకపోవడం. మా అత్తమ్మ ఎల్లవ్వ ఆయన్ని చూసి చూసి ఒక సాయంత్రం భీమన్న గానుగ దగ్గరికి కర్ర పొడుచుకుంటూ పోయి, కుండెడు చెరుకు రసం తెప్పించింది.

"తాగుడు ఇడిసినోనికి తీపి మీద పానం గుంజుతది కొడుకా" అంది. "మీ బాపుతోని పడ్డదాన్ని, నాకెర్కలేదా? తాగు. ఎంత కావాల్నంటె గంత తాగు."

దేవుడి దయ, అది పని చేసింది. ఆ రోజు నుంచి భీమన్న గానుగ ఆడినన్నాళ్ళూ మా పొయ్యి పక్కన చెరుకు రసం కుండ ఉండాల్సిందే. పొద్దున తెచ్చింది పొద్దుగూకేలోపు ఆయనే ఖాళీ చేసేవాడు. "మా హవల్దారుకు ఇప్పుడు చెరుకు కోటా" అని నేను వెక్కిరించేదాన్ని. ఒక్కోసారి నవ్వేవాడు కూడా. ఆ నవ్వు చూసి ఎన్నేళ్ళయిందో లెక్కపెడితే నాకు ఏడుపు వచ్చేది, అందుకని లెక్కపెట్టేదాన్ని కాదు.

సంక్రాంతి దాటిన తర్వాత ఒకరోజు తనిఖీ అయ్యాక కూడా గడప దాటలేదు.

"ఏమాయె? పాస్ అన్న గదా."

"ఇయ్యాల కల్లు దుకాణం కాడ లారీ ఆపిన" అన్నాడు.

"ఆపి?"

"ఇంజను బందు జెయ్యలె. గట్లనే కూసున్న. ఎనకున్న బండోళ్ళు తిట్టవట్టిరి. మళ్ళ గేరేసిన."

"ఎంతసేపు కూసున్నవ్?"

"ఏమో. చాన సేపు." తువ్వాల భుజాన వేసుకుంటూ, "నీకు జెప్పాల్ననిపించింది" అన్నాడు.

నేను మంచిమాట ఒకటి అని ఉండాల్సింది. అనలేదు. "రేపటి సంది ఆ తొవ్వన రాకు, చుట్టు తిరిగి రా" అన్నాను. నా నోటికి మంచి మాటలు తొందరగా దొరికేవి కావు. మర్నాటి నుంచి రెండు మైళ్ళు చుట్టు తిరిగి వచ్చేవాడు, దానికి రాజనర్సుతో తిట్లు కూడా తిన్నాడు.

అలా మాఘం పోయింది, ఎలక్షన్లు వచ్చిపోయాయి, ఈస్టరు ముందరి ఉపవాసాల కాలం, శ్రమల దినాలు వచ్చాయి. ఇంకొక్క వారం గడిస్తే సీజన్ అయిపోతుంది. ఈస్టరు కూడా ఆ వారమే.

ఇక్కడ మా గుడి సంగతి చెప్పాలి. మా మెథడిస్టు గుడిలో సంస్కారానికి, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, రసం తీసుకునే దానికి, పులిసిన ద్రాక్షరసం పనికిరాదు. పులియని రసమే ఉండాలి. మిషను దొరలు మా తాతలకు నేర్పిన పద్ధతి అది. ద్రాక్షపండ్లు మాకెక్కడివి? కిస్మిస్‌లు నానబెట్టి, ఉడకబెట్టి, పిండి, వడగట్టి రసం తీస్తాం. పదకొండేళ్ళుగా ఆ పని నాది. మా అత్తమ్మ చేతులు వంకర పోయాక నా చేతికి వచ్చింది. ఆ బల్ల మీద పెట్టేది నా చేతి మీదుగా పోతుందంటే నాకు అదొక గొప్ప. ఊళ్ళో నాకున్న మర్యాదంతా అదే.

ఇంకో పద్ధతి మా ఊరిదే, ఏ దొరా నేర్పింది కాదు. తాగినవాడు సంస్కారం తీసుకోకూడదు. పల్లెం తన ముందుకు వచ్చినప్పుడు గిన్నె ముట్టకుండా తల దించుకోవాలి. ఒకవేళ మరచిపోయి ఎత్తినా తిరిగి పల్లెంలో పెట్టెయ్యాలి. గిన్నె వెనక్కి పెడితే తాగానని సంఘం ముందు ఒప్పుకున్నట్టే. నోటితో చెప్పనక్కర్లేదు, ఎవరూ అడగనూ అడగరు. నా ఎరుకలో ముగ్గురో నలుగురో అలా పెట్టారు. ఆ తర్వాత ఏడాది పాటు వాళ్ళని చూస్తే పిల్లలు కూడా గుసగుసలాడేవాళ్ళు.

మా పాస్టరు సీమోను అయ్యగారు. ఆయన కింద పద్నాలుగు ఊళ్ళు, తిరుగుతూ ఉంటారు. గురువారం సాయంత్రం మా ఊళ్ళో సంస్కారం ఇస్తానని కబురు పెట్టారు. నేను బుధవారమే కిస్మిస్‌లు నానబెట్టాను. తీరా గురువారం పొద్దున పిండి చూస్తే రసం సగం సీసాకు కూడా రాలేదు, పైగా చప్పగా ఉంది. ఇంట్లో చక్కెర లేదు. ఫ్యాక్టరీ చిమ్నీ మా వాకిట్లోంచి కనిపిస్తుంది, చక్కెర మాత్రం రేషన్ కార్డు మీద తూకం వేసి ఇచ్చే కాలం. పొయ్యి పక్కన చూస్తే కుండలో అప్పుడే వచ్చిన చెరుకు రసం. ఇంతకన్నా శుభ్రమైన తీపి ఏముంటుంది? కిస్మిస్ రసం చల్లారాక రెండు గరిటెలు పోశాను. బాగుంది. ఇంకో రెండు పోశాను. సీసా మెడ దాకా వచ్చింది. బిరడా గట్టిగా బిగించి పొయ్యి వెనక గూట్లో పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

గురువారం అయ్యగారు రాలేదు. బస్సు ఎడపల్లి దగ్గర ఆగిపోయిందట. శుక్రవారం ఇంకో ఊరు. ఆదివారం పొద్దున్నే సైకిలు మీద వస్తానని కబురు. రసం పారబోసి మళ్ళీ చేద్దామంటే కిస్మిస్‌లు లేవు. ఉడకబెట్టిందే కదా అనుకున్నాను. చెరుకు రసం ఉడకబెట్టలేదన్న సంగతి తలలోనే లేదు.

దానికి తోడు శుక్రవారం నుంచి నాకు పడిశెం పట్టింది. ముక్కు దిబ్బడ. కమురు వాసన కూడా తెలియదు. శుక్ర, శనివారాలు మా ఆయన గడప ముందు నోరు తెరిచాడు, నేను ఊరికే ముఖం పెట్టి "పాస్" అన్నాను. నా ముక్కు పనిచేయడం లేదని ఆయనకు తెలుసు. నేను మాటిమాటికీ చీదడం వినపడదా? తెలిసీ నోరు తెరిచి నిలబడ్డాడు. నాకు మాత్రం లోపల పురుగు తొలవడం మొదలైంది. ఇంకో అయిదారు రోజులు, నా ముక్కు సెలవులో ఉంది, ఇదే అదను అనుకుంటాడేమో అని.

ఆదివారం చీకటితో లేచి గుడికి పోయాను. బిరడా లాగితే టప్పుమంది. కాస్త నురుగు వచ్చింది. చెరుకు రసానికి నురుగు రాదా అనుకుని, గుడ్డతో తుడిచి, చిన్న ఇత్తడి గిన్నెల్లో పోసి పల్లెంలో సర్దాను. వచ్చేవాళ్ళందరికీ సరిపడా గిన్నెలు ముందే నింపేశాను. తక్కువపడితే పోయడానికి సీసా నా దగ్గరే ఉంచుకున్నాను.

మగవాళ్ళ వరస ముందు. అయ్యగారు రొట్టె ఇస్తూ పోతున్నారు, వెనక దేవయ్య మామ పల్లెం పట్టుకుని వస్తున్నాడు. మా ఆయన తెల్ల అంగీ వేసుకుని, జుట్టుకు నూనె పెట్టుకుని మోకాళ్ళ మీద ఉన్నాడు. రెండేళ్ళ తర్వాత మొదటి సంస్కారం. నేను సీసా పట్టుకుని బల్ల పక్కన నిలబడి ఆయన్నే చూస్తున్నాను. రొట్టె తీసుకున్నాడు. గిన్నె ఎత్తాడు. పెదవికి ఆనించాడు.

ఆనించి ఆగిపోయాడు.

ఎంతసేపో తెలియదు. పక్కవాడు మింగేశాడు, ఆ పక్కవాడూ మింగేశాడు. మా ఆయన గిన్నె దించి, నిండుగా ఉన్నదాన్ని ఉన్నట్టే, దేవయ్య మామ పల్లెంలో పెట్టాడు. ఒక్క చుక్క తొణకలేదు. తొణికినవి దేవయ్య మామ చేతిలోని మిగతా గిన్నెలు.

ఆడవాళ్ళ వైపు "అయ్యో" అని ఎవరో అన్నారు. మా ఆయన లేచి, అయ్యగారికి వంగి దండం పెట్టి, నా వైపు ఒకసారి చూసి, మధ్య దారిలోంచి నడిచి బయటికి వెళ్ళిపోయాడు. నేను సీసాకు బిరడా బిగించి, ఇంట్లో ఉన్న అత్తమ్మకు ఇవ్వాలన్నట్టు చంకలో పెట్టుకుని పక్క తలుపులోంచి బయటపడ్డాను. నా వంతు సంస్కారం కూడా తీసుకోలేదు. ఏడవలేదు. నాకు కోపం వచ్చింది, అంత కోపం నా జన్మలో రాలేదు. నాలుగు రోజులు! ఇంకో నాలుగు రోజులు ఆగలేకపోయావా, నా ముక్కు దిబ్బడ పడితే చాలునా నీకు?

ఇంటికొచ్చి సీసా ఎండ పడే గూట్లో విసురుగా పెట్టి, పెట్టె దించాను.

మోకాళ్ళ నొప్పులతో గుడికి రాలేక ఇంట్లోనే ఉన్న అత్తమ్మ మంచం మీద నుంచి అడిగింది. "ఏమైందే?"

"నీ కొడుకు గిన్నె ఎనకకు పెట్టిండు" అన్నాను చీరలు మడతపెడుతూ. "అందరి ముందట. నేను బాల్కొండ పోతున్న అత్తమ్మా. నీకు సాయవ్వ బువ్వ పెడతది, చెప్పిపోత."

నేను నాలుగో చీర మడతపెడుతుండగా ఫట్‌మని చప్పుడైంది. గూట్లో సీసా బిరడా ఎగిరి అత్తమ్మ మంచం కిందికి దొర్లింది. సీసా మూతిలోంచి నురుగు పొంగి గోడ మీదుగా కారుతోంది.

అత్తమ్మ వంకర వేలు చాపి ఆ నురుగు అంటించుకుని నాలుక మీద పెట్టుకుంది. ముఖం ఒకలా పెట్టింది. ఇంకోసారి రుచి చూసింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగాను" అంది. "గిది కల్లైంది గదనే! పరుపుతాటి చెట్టు కల్లు లెక్క పులిసింది. దేవుని బల్ల మీద గిదేనా పెట్టినవ్?"

నేను చీర మంచం మీద పడేశాను. తర్వాత ఆ సీసా ఎత్తి నోట్లో పోసుకున్నాను. ముక్కు పనిచేయకపోతేనేం, నాలుక పనిచేసింది. పులుపు, ఆ వెనక చురుకు, గొంతులో దిగాక వేడి. ఆయన పెదవికి తగిలింది ఇదే. అది ఏమిటో ఆ గుడిలో ఆయనకన్నా బాగా తెలిసినవాడు ఇంకెవరున్నారు?

అంతా ఒక్కసారిగా అర్థమైంది. నా వైపు చూసిన ఆ చూపు కూడా.

సీసాతోనే పరుగెత్తాను. దేవయ్య మామ ఇంట్లో అయ్యగారికి పండుగ భోజనం. సంఘం మనుషులు అరుగు నిండా కూర్చుని ఉన్నారు. దేవయ్య మామ తలపాగా చుట్టుకుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఎక్కడికో నాకు తెలుసు. రాజనర్సు దగ్గరికి. మాట ఇచ్చిన మనిషి, తప్పడు.

"మామా, ఆగు" అన్నాను రొప్పుతూ. "ఆయన తాగలె."

"శారమ్మా, నీ బాధ నాకెర్కే" అన్నాడు ఆయన మెల్లగా. "గని నా చేతిల పల్లెంలనే పెట్టిండు. ఇంకేం సాక్ష్యం గావాలె?"

ఇంటి నుంచి అక్కడి దాకా రావడం తేలికే. ఆ మాట అనడమే కష్టమైంది. పదకొండేళ్ళ మర్యాద గొంతులో అడ్డం పడింది. ఒక్క క్షణం, నిజం చెప్తున్నాను, ఆ సీసా కొంగు కింద దాచుకుని వెనక్కి తిరుగుదామా అనిపించింది. బాల్కొండ బస్సు మధ్యాహ్నం రెండింటికి.

"రసం పులిసింది" అన్నాను. "నేనే చేసిన. కిస్మిస్‌లు తక్కువపడ్డయని పచ్చి చెరుకు రసం పోసిన. మూడు దినాలు పొయ్యి ఎనక పెట్టిన. నేను సంఘానికంతా కల్లు పోసిన మామా. ఆయనకు నాలుకకు తగలంగనే తెలిసింది. మాట తప్పొద్దని ఎనకకు పెట్టిండు. నన్ను ఏమన్న అనుండ్రి, ఆయనను అనకుండ్రి."

సీసా అయ్యగారి ముందు పెట్టాను. ఆయన వాసన చూశారు. కళ్ళు మూసుకున్నారు. అరుగు మీద సాయవ్వ నోరు నొక్కుకుంది. "నాకు పుల్లగనే తాకింది అయ్యగారూ. గని దేవుని గిన్నెకు వంక వెడతనా అని గుటుక్కున మింగిన." ఇంకొకడు, "నాకూ తాకింది" అన్నాడు. ఇంకొకడు, "నాకు మంచిగనే అనిపించింది" అని తల గోక్కున్నాడు. ఆ మాటకు ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

అయ్యగారు నవ్వలేదు. "దేవయ్యగారూ" అన్నారు. "పొద్దున గుడిల అరవై మందిమి ఉన్నం. అందులో నేను గూడ ఉన్న. మగవాళ్ళు, ఆడవాళ్ళు, అందరం తాగినం. తాగనోడు ఒక్కడే. ఆ ఒక్కన్ని పనిలకెల్లి తీసెయ్యమని చెప్పేటందుకే గదా మీరు చెప్పులు తొడిగింది?"

దేవయ్య మామ చెప్పులు విడిచాడు. అరుగు మీద కూలబడ్డాడు. తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకుని, "డెబ్బై మూడేండ్లు" అన్నాడు. "ఒక్క బొట్టు ముట్టకుంట డెబ్బై మూడేండ్లు ఎల్లదీసిన. ఆఖరుకు నువ్వు తాపిస్తివి గదనే శారమ్మా."

అప్పుడు నవ్వారు అందరూ. నేను నవ్వలేకపోయాను. "ఆయన ఏడున్నడో" అన్నాను. అదొక్కటే నా బాధ. చేయని తప్పు నెత్తిన వేసుకుని, నలుగురి కళ్ళ ముందు నడిచిపోయిన మనిషి. ఇప్పుడు తాగినా కొత్తగా పోయే పరువు ఏమీ లేదు. తాగడానికి ఇంతకన్నా మంచి సాకు ఆయనకు జన్మలో దొరకదు. కల్లు దుకాణం మీదుగా పోయే తొవ్వ గుడికి ఎదురుగానే ఉంది.

"నేను వస్త పా" అని దేవయ్య మామ లేవబోయాడు.

"వద్దు మామా. నేనే పోత."

కల్లు దుకాణం ముందు నిలబడి లోపలికి తొంగిచూశాను. జన్మలో ఆ గుమ్మం దగ్గరికి పోవడం అదే మొదలు. లేడు. దుకాణపువాడు నన్ను పైకీ కిందికీ చూసి, "హవల్దారు ఇటు రాలేదక్కా. దూరంగ లారీ పోయింది సూసిన, చుట్టు తొవ్వన బోధన్ దిక్కు" అన్నాడు. ఫ్యాక్టరీకి ఆదివారమూ లేదు, పండుగా లేదు. రెండు మైళ్ళు ఎండలో నడిచాను, పండుగ చీరతోనే.

యార్డు నిండా బండ్లు, లారీలు. ఎద్దులు నెమరు వేస్తున్నాయి, బండివాళ్ళు నీడ పట్టున పేకాడుతున్నారు. రాజనర్సు లారీ కనిపించింది. లోపల మనిషి లేడు. పక్క లారీ డ్రైవరు రామ్‌దాస్ అని మరాఠీ అతను, నన్ను ఎరుగును. వేలు పైకి చూపించాడు.

చెరుకు మోపుల మీద, ముఖం మీద తువ్వాల వేసుకుని, మా ఆయన నిద్రపోతున్నాడు. గురక పెడుతూ, మిట్టమధ్యాహ్నం, అంత గొడవలో. నాకు తెలిసి ఆ నాలుగున్నర నెలల్లో ఆయన అలా ఒళ్ళు మరిచి నిద్రపోయింది లేదు. లేపాలనిపించలేదు. లారీ నీడలో కూర్చున్నాను. తూకానికి నిలబడ్డ వరస కదిలినప్పుడు రామ్‌దాస్ హారన్ కొట్టాడు, అప్పుడు లేచాడు.

కిందికి చూసి, "పెట్టె సర్దినవా?" అన్నాడు.

"సర్దిన" అన్నాను. "పోయి మళ్ళ ఇప్పుత."

దిగి వచ్చాడు. నేను ఊళ్ళో జరిగిందంతా చెప్పాను. విన్నాడు. సంగతి రాజనర్సు దాకా పోలేదని చెప్పినప్పుడు మాత్రం తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"అక్కన్నే ఎందుకు జెప్పలేదయ్యా?" అన్నాను. "రసం పులిసిందని ఒక్క మాట అంటే అయిపోతుండె గదా."

"ఏమని జెప్పాలె? అందరి నడుమ లేసి, నా పెండ్లాం కల్లు పోసిందనాల్నా?" లారీ తలుపు తెరిచి నన్ను ఎక్కమన్నాడు. తాను అటువైపు ఎక్కి కూర్చున్నాడు. "నా పేరు ఎన్నడో పోయింది. నీకన్న ఉండనీ అనుకున్న."

ఊరంతా నా నోటికి భయపడుతుంది, ఆ పూట ఆ నోరు పనికిరాలేదు.

"ఇంకొకటి జెప్త, కోపం జెయ్యకు" అన్నాడు, స్టీరింగ్ మీద చేతులు పెట్టి ముందుకు చూస్తూ. "నాలుకకు తగలంగనే మింగాల్ననిపించింది. ఎవలడుగుతరు? దేవుని గిన్నె. అయ్యగారు ఇచ్చింది, నువ్వు పోసింది. మాట తప్పినట్టు గాదు, పాపం గాదు. మింగు, మింగు అన్నది లోపల. మింగేటోన్నే శారా. నీ మీద ఒట్టు, మింగేటోన్నే."

"మరి?"

"ఏమో. చెయ్యి గిన్నెను పల్లెంల పెట్టింది. నేను సూసుకుంట ఉన్న."

ఏడ్చాను. సిగ్గు లేకుండా, అంతమంది డ్రైవర్లు చూస్తుండగా, లారీలో కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆ మనిషిని అన్నాళ్ళూ నేను కాపలా కాస్తున్నాననుకున్నాను. ఆ గుడిలో కాపలా కాసిందెవరు? ఆయన నన్ను ఏడవనిచ్చాడు. ముందున్న బండి కదిలితే గేరు వేసి లారీని పది గజాలు జరిపి మళ్ళీ ఆపాడు.

నా ఏడుపు ఆగాక అన్నాడు. "రాజనర్సు నిన్న అడిగిండు. వచ్చే సీజనుకు గూడ లారీ నాకే ఇస్తడట. ఉంటవా పోతవా, గిప్పుడే జెప్పు, లేకుంటె ఇంకొకని సూసుకుంట అన్నడు. నేను ఇంక ఏం జెప్పలె."

"ఎందుకు జెప్పలె?"

ఆయన నా వైపు తిరగలేదు. తూకం కాంటా మీదికి ఎక్కుతున్న బండిని చూస్తున్నాడు. వేళ్ళు స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకున్నాయి.

"నువ్వేమంటవో అని."

కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"ఉంటమని జెప్పు" అన్నాను.